సగమే వచ్చిన నీలం పాట

సఫీ రేవులో టీకొట్లకేం కరువు లేదు. అయినా మాలెమ్ మెస్సావూద్ రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునేది మాత్రం ఊరంతటికీ చెత్త టీ పోసే కొట్లోనే. అక్కడ పుదీనా వాడిపోయి ఉంటుంది, టీ పాకం పట్టినట్టుంటుంది, గ్లాసులకి చేపల వాసన. ఆ కొట్టుకున్న సుగుణం ఒక్కటే. మూతబడిన సార్డీన్ చేపల ఫ్యాక్టరీ గేటుకి అది సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ గేటు లోపలి ఆవరణలో ఆయన కూతురు యామ్నా పిల్లలకి స్కేట్‌బోర్డు నేర్పుతుంది, వాళ్లు తిరుగుతుంటే పక్కన కూర్చుని గింబ్రీ వాయిస్తుంది. పెద్దాయన గేటువైపు వీపు పెట్టి కూర్చుంటాడు. చూడకపోతే విననట్టేనని ఆయన లెక్క.

మాలెమ్ అంటే గ్నావా పాటలకి గురువు. గ్నావా వాళ్ల తాతముత్తాతలు బానిసలుగా ఎడారి దాటి వస్తూ వెంట తెచ్చుకోగలిగిన ఆస్తి ఆ పాటలూ, ఆ గింబ్రీ. మూడు తీగలు, ఒంటె తోలు బిగించిన చెక్క డొల్ల. మోగిస్తే చెవికన్నా ముందు కడుపుకి వినిపిస్తుంది. గ్నావా ఇళ్లలో అది కచేరీల కోసం కాదు, కొలుపుల కోసం. ఒక్కో పాటకి ఒక రంగు, ఒక్కో రంగుకి ఒక సామి. రంగు తగిలిన మనిషికి పూనకం వస్తుంది. ఆ మనిషి కుదుటపడేదాకా వాయించేవాడు చెయ్యి ఎత్తకూడదు. మధ్యలో వదిలేస్తే ఆ మనిషి మధ్యలోనే ఉండిపోతుంది. అందుకే మెస్సావూద్ తీగ సవరించుకునే ముందు గదంతా ఒకసారి కలియజూసేవాడు. ఎవరు కూర్చున్నారో చూడకుండా వాయించేవాడు రోగిని చూడకుండా మందు పోసే వైద్యుడని ఆయన మాట.

అలాంటి మనిషి కూతురు ఆ పాటల్నే పట్టుకొచ్చి చక్రాల కింద పరిచింది. ఆయనకి మండదూ మరి?

నిజానికి యామ్నాకి ఆయన గింబ్రీ నేర్పలేదు. ఆడపిల్ల చేతికి గింబ్రీ ఇవ్వడం ఆ ఇంట్లో ఆనవాయితీ కాదు. అలాగని వద్దనీ అనలేదు. చిన్నప్పుడు తల్లి ఒళ్లో పడుకుని విన్నది విన్నట్టు వేళ్లకెక్కించుకుంది ఆ పిల్ల. కాస్త పెద్దయ్యాక, అలల మీద ఆడటానికి వచ్చిన ఫ్రెంచి కుర్రాడెవడో వదిలేసి వెళ్లిన స్కేట్‌బోర్డు దొరికితే దాన్నీ అలాగే, ఎవరూ నేర్పకుండా, మోకాళ్లు కొట్టించుకుంటూ నేర్చుకుంది. కాసాబ్లాంకా వెళ్లి కొన్నేళ్లు బ్యాండ్లలో వాయించింది. తల్లి పోయినప్పుడు తిరిగొచ్చింది, ఒక భుజాన గింబ్రీ, చంకలో బోర్డు. "వాయిద్యం సరే, ఆ పీట దేనికి, రొట్టెలు ఒత్తడానికా?" అని అడిగాడు తండ్రి. ఆ రోజు మొదలు ఆయన నోట అది పీటే.

ఫ్యాక్టరీ వారసులు కోర్టులో కొట్టుకుంటున్నారు. వాళ్లు తేల్చుకునేదాకా ఆవరణ ఖాళీయే కదా అని వాచ్‌మన్ తాళంచెవి తెచ్చి యామ్నా చేతిలో పెట్టాడు. అలాంటి నేల ఊళ్లో ఇంకోటి లేదు. ఏళ్ల తరబడి ఆడవాళ్లు చేపలు కడిగి కడిగి నున్నబడ్డ సిమెంటు, కాలవవైపు కంటికి తెలియనంత వాలు, పలకకీ పలకకీ మధ్య సన్నటి సందు. చక్రాలు ఆ సందులు దాటుతుంటే టకటకమని దరువు పడుతుంది. ఆ దరువు విన్న రోజునే యామ్నా ఈ చోటు వదలకూడదనుకుంది.

ఆమె పద్ధతి ఆమెదే. కొత్తగా వచ్చిన పిల్లలకి ముందు బోర్డు ఇవ్వదు, ఇనప చిడతలు ఇస్తుంది. దరువు చేతిలో నిలిస్తే గానీ కాలిలో నిలవదంటుంది. బోర్డెక్కాక కిందపడ్డవాళ్లు ఏడుస్తూ ఇంటికి పోకూడదు. మోకాలు చల్లబడేదాకా కూర్చుని మిగతావాళ్లకి చిడతలు కొట్టాలి. "పడినవాళ్లే బ్యాండు" అని జవాద్ అనే కుర్రాడు గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాడు. రాసే హక్కు వాడికుంది, వాడి కన్నా ఎక్కువసేపు చిడతలు కొట్టినవాడు ఆ ఆవరణలో లేడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి నేర్పాలి. గేటు తాళంచెవి వారానికొకరి దగ్గర ఉండాలి. బడి మానేసి రేవులో చేపల బుట్టలు మోసే పిల్లలు కూడా తమ వంతు వచ్చిన వారం ఆ తాళంచెవి మెడలో వేసుకుని గవర్నరుగారిలా నడిచేవాళ్లు. ఆ నడక చూస్తే యామ్నాకి కడుపు నిండేది.

పిల్లలందరూ తనకి సమానమేనని ఆమె పైకి అంటుంది. అది అబద్ధమని పిల్లలకి కూడా తెలుసు. హనియా అంటే ఆమెకి ప్రాణం. హనియాకి పదమూడేళ్లు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మక్కీ రెండేళ్ల కిందట వేటకి వెళ్లి తిరిగి రాలేదు, పడవ కూడా రాలేదు. ఆ చలికాలంలోనే ఒకరోజు ఈ పిల్ల వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఏడుపు లేదు, మాట లేదు. చిడతలిస్తే పుచ్చుకుంది. ఇప్పుడు ఆవరణలో ఆమెని మించి తిరిగేవాళ్లు లేరు. కాలు అంత చురుకైనా అడిగేది మాత్రం ఎప్పుడూ నెమ్మది పాటే. "అక్కా, ఆ నెమ్మదిది వాయించవూ" అంటుంది. యామ్నా నీలం పాట ఎత్తుకుంటుంది. సముద్రపు సామి సీదీ మూసా పాట అది. అలలా ఊగే నడక దానిది, చక్రాలకి అతికినట్టు సరిపోతుంది. అందుకే పిల్ల అడుగుతోందనుకుంది యామ్నా.

ఇంతలో హనియా నాయనమ్మ తామో అవ్వ ఒక నిర్ణయానికి వచ్చింది. పడుచుతనంలో ఇదే ఫ్యాక్టరీలో చేపల తలలు కోసిన మనిషి ఆమె, మాట కూడా అలాగే తెగుతుంది. పిల్లని మర్రాకెష్‌లో ఉన్న తన కూతురు రబియా దగ్గరికి పంపించేస్తానంది. రబియాకి బట్టలు కుట్టే దుకాణం ఉంది, మేనకోడలికి పని నేర్పుతుంది. అన్నిటికీ మించి మర్రాకెష్‌లో సముద్రం లేదు. కొడుకు పోయిన దగ్గర్నించి తామో అవ్వ రేవువైపు కిటికీ తెరవలేదు. రేడియోలో సముద్రం మాటొస్తే కట్టేస్తుంది. కొలుపులకి పిలిచినా గడప దాటదు.

యామ్నా వెళ్లి బతిమాలింది. తామో అవ్వ పప్పు ఏరుతూ తలెత్తకుండా అంతా విని, చివరికి ఒక్క మాటంది. "తండ్రి పోతే ఆ పిల్ల కంట్లోంచి చుక్క నీరు రాలేదే యామ్నా. ఏడవాల్సిన పిల్ల నీ చక్రాలెక్కి పెళ్లిలో ఊరేగినట్టు ఊరేగుతోంది. ఇది నాకు మంచిదనిపించడం లేదు." యామ్నా పక్కన కూర్చుని తనూ పప్పు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కసారి వచ్చి చూడమంది, చూశాక ఎలా చెబితే అలాగేనంది. యామ్నా తల్లీ తామో అవ్వా చిన్ననాటి స్నేహితులు, ఆ మొహమాటం పని చేసింది. శుక్రవారం వస్తానంది అవ్వ. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఈ సంగతి ఎత్తుకుని తన గడప తొక్కకూడదని కూడా అంది.

ఆ రోజు నుంచి యామ్నా మనసు మనసులో లేదు. హనియా లేని ఆవరణ ఆమెకి ఊహకే అందలేదు. గురువారం, మర్నాటి గోధుమరవ్వ కూస్‌కూస్‌కి గుమ్మడికాయ కోస్తూ తండ్రికి చెప్పుకుంది. పీటలెక్కి తిరిగే మనవరాల్ని చూసి ఏ అవ్వ మురిసిపోతుందని ఆయన సాగదీశాడు. తర్వాత, ఏం వాయిస్తున్నావని అడిగాడు. పిల్లలు ఏదడిగితే అదేనంది. ఎవరు కూర్చుంటారో చూసుకో అన్నాడు. "నాన్నా, అది కొలుపు కాదు, పిల్లల ఆట" అంది యామ్నా కాస్త విసుగ్గానే.

శుక్రవారం నమాజు అయింది. ఇంటింటా కూస్‌కూస్ పళ్లేలు ఖాళీ అయ్యాయి. కడుపునిండా తిన్న జనం తగాదాకి రారన్న ధైర్యంతోనే యామ్నా ఆ పూట ఎంచుకుంది. తల్లులూ, పిన్నులూ కుర్చీలు మోసుకొచ్చారు, ఎవరింటి టీకెటిల్ వాళ్లు తెచ్చుకున్నారు, ఎందుకంటే ఎదురుకొట్టు టీ సంగతి అందరికీ తెలుసు. ఆ కొట్లో మెస్సావూద్ శుక్రవారపు తెల్ల జుబ్బా వేసుకుని, యథాప్రకారం వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. తామో అవ్వ తన ముక్కాలిపీట తనే తెచ్చుకుని ముందు వరసలో వేసుకుంది. పడుచుతనంలో పని చేసిన నేల కదా, ఒకసారి అరికాలితో రాసి చూసి, ఎవరూ సరిగ్గా కడగడం లేదంది.

మొదట జవాద్ వచ్చాడు. వాలు మీద నుంచి జోరుగా దిగి, మధ్యలో బోర్డు ఎగరేసి, బోర్డు ఒకవైపూ తనొకవైపూ పడ్డాడు. లేచి దులుపుకుని, అందరికీ వంగి దండం పెట్టి, నేరుగా చిడతల దగ్గరికి పోయి కూర్చున్నాడు. జనం పడీపడీ నవ్వారు. తామో అవ్వ నవ్వలేదు గానీ, వీడెవరి కొడుకని పక్కావిడని అడిగి, "పడటంలో మంచి పనితనం ఉంది" అంది. యామ్నాకి ప్రాణం లేచొచ్చింది. ఆ నోటి నుంచి అంత మెచ్చుకోలు వచ్చిందంటే సామాన్యం కాదు.

తర్వాత చిన్నపిల్లలు చేతులు పట్టుకుని వరసగా తిరిగారు. ఆ తర్వాత హనియా బోర్డు మీద కాలు పెట్టి యామ్నావైపు చూసింది. "అక్కా, నెమ్మదిది." యామ్నా కళ్లు ఆ పిల్ల కాళ్ల మీదే ఉన్నాయి. ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూడలేదు. తీగ మీద వేలు వేసింది.

హనియా గాలికి కొట్టుకుపోతున్నంత తేలిగ్గా తిరిగింది. మిగతా పిల్లలు వెనక చేరారు. చక్రాల దరువూ, చిడతల దరువూ, గింబ్రీ ఒక్కటైపోయాయి. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనుకుంది యామ్నా. ఆ సంతోషంలో ఉండగా జవాద్ చిడతలు తడబడ్డాయి. తలెత్తింది.

తామో అవ్వ లేచి నిలబడి ఉంది. కళ్లు మూతలు పడ్డాయి. తల అటూ ఇటూ ఊగుతోంది. చేతిలో గ్లాసు ఎప్పుడు జారిపడిందో, టీ కాళ్ల కింద పారుతోంది. ఆ కాళ్లు వాలు వెంట, పిల్లలు తిరుగుతున్న చోటికి నడుస్తున్నాయి.

ఈ పేటలో ఎవరింటికి ఏ రంగో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు యామ్నా. కమ్మరి భార్యకి పసుపు, కసాయి ఇంటికి ఎరుపు, తరతరాలుగా సముద్రం మీద బతికిన తామో ఇంటికి నీలం. కొడుకుని సముద్రం మింగేసిన తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టుకుని సముద్రం పాట వాయించింది. ఇన్నాళ్లూ చక్రాల కోసం వాయించి వాయించి, అది మందన్న సంగతే మర్చిపోయింది. మాలెమ్ కూతురు చెయ్యాల్సిన తప్పేనా అది?

ఇప్పుడు ఆపడానికి లేదు. వాయిస్తూనే ఉంది. అవ్వ చేతులు ఈత కొడుతున్నట్టు కదిలాయి. ఎవరో ఇల్లాలు పరుగున వెళ్లి సాంబ్రాణి కుంపటి తెచ్చింది. అవ్వ చెయ్యి చాచి నీళ్లడిగింది. నీలం పాటకి లేచినవాళ్లు నెత్తిన నీళ్లగిన్నె పెట్టుకుంటారు, ఆ సమయంలో అడిగింది కాదనకూడదు. జవాద్ అటూ ఇటూ పరుగెత్తి గోడకి రంగు కలిపే ప్లాస్టిక్ బేసిన్ నింపి పట్టుకొచ్చాడు. సామి ఆ పూటకి దాంతోనే సర్దుకున్నాడు. అవ్వ బేసిన్ నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి నడిచింది.

అసలు గండం అక్కడ మొదలైంది. నీలం పాట రెండు భాగాలు. మొదటిది మనిషిని నీళ్లలోకి తీసుకెళ్తుంది, రెండోది ఒడ్డుకి తీసుకొస్తుంది. కొలుపులో నీలం వంతు వచ్చేసరికి బాగా పొద్దుపోయేది. తల్లి ఒళ్లో ఉన్న చిన్న యామ్నా ఆ పాట సగంలోనే నిద్రపోయేది. ప్రతిసారీ అంతే. పెద్దయ్యాక తండ్రిని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. చక్రాలకి ఆ సగమే చాలింది కూడా. చివరికొచ్చాక మళ్లీ మొదలెడితే పిల్లలు మళ్లీ తిరిగేవాళ్లు.

ఇప్పుడూ చివరికొచ్చింది. ఇంకేం తెలియక మళ్లీ మొదలుపెట్టింది. ఒడ్డుకి రావలసిన అవ్వ మళ్లీ లోపలికి నడిచింది. మళ్లీ అదే. అవ్వ పెదాలు తెల్లబడుతున్నాయి. పిల్లలు భయపడి ఒక్కొక్కరే బోర్డులు దిగిపోయారు. హనియా ఒక్కతే నాయనమ్మ పక్కనే నెమ్మదిగా జారుతూ, చెయ్యి ఆమె మోచేతి కింద పెట్టి పెట్టనట్టు పెట్టి తిరుగుతోంది.

"అక్కా, అవ్వని బయటికి తీసుకురా" అంది.

"నాకు రాదమ్మా" అంది యామ్నా. వేళ్లు మాత్రం ఆడుతున్నాయి. ఇక పిల్ల మర్రాకెష్ వెళ్లడం గురించి ఆలోచన కూడా లేదు ఆమెకి. స్నేహితురాలి కూతురని నమ్మి వచ్చిన ముసలిమనిషిని నడిసముద్రంలో వదిలేస్తానేమో అన్న ఒక్క భయమే మిగిలింది.

అప్పుడు గేటు దగ్గర జనం పక్కకి జరిగారు. మెస్సావూద్ వచ్చాడు. ఆ ఆవరణలో ఆయన కాలు పెట్టడం అదే మొదలు. చుట్టూ ఒకసారి కలియజూసి, పిల్లల మీద విరుచుకుపడ్డాడు.

"చక్రాలెందుకు ఆపారు? ఆ మనిషి ఆ దరువు మీదే లోపలికి వెళ్లింది. అది లేకపోతే తిరిగి ఎలా వస్తుంది? తిరగండి. ఆ కీచుమనే చక్రం ఎవడిదో వాడు మాత్రం వెనక ఉండు. రోజూ నా చెవి కోసేస్తున్నావు."

జవాద్ తన బోర్డు తీసుకుని బుద్ధిగా అందరికన్నా వెనక్కి పోయాడు. రోజూ వీపు పెట్టి కూర్చున్న మనిషికి ఏ చక్రం కీచుమంటుందో కూడా తెలుసన్న సంగతి అక్కడున్న వాళ్లందరికీ అర్థమైంది. నవ్వడానికి అది వేళ కాదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. ఆయన వచ్చి కూతురి పక్కన నేల మీద కూలబడ్డాడు. పాట ఎక్కడిదాకా వచ్చునని అడిగాడు. లోపలికి వెళ్లేదాకా అంది. మరి బయటికి?

"నిద్రపోయేదాన్ని కదా నాన్నా."

మెస్సావూద్ మొహంలో ఏదో మెత్తబడింది. ఒళ్లో నిద్రపోయిన ఆ పిల్లని కొలుపయ్యాక ఇంటిదాకా మోసుకెళ్లింది ఆయనే. ముందు ఎడమచెయ్యి తీగల మీద కూతురి చెయ్యి పక్కన పెట్టాడు, తర్వాత కుడిచెయ్యి, పాట తెగకుండా గింబ్రీని తన ఒళ్లోకి తీసుకున్నాడు. గొంతెత్తాడు. ఒడ్డున దీపం పెట్టారనీ, తాడు విసిరారనీ, కాలికి ఇసుక తగిలిందనీ సాగే పాట అది. ముసలి గొంతు, అక్కడక్కడా జీరపోయింది. యామ్నా చిడతలు అందుకుని వేసింది. పిల్లలు అవ్వ చుట్టూ పెద్ద వలయంగా తిరిగారు, చక్రాలు సందుల మీద టకటకలాడాయి.

తామో అవ్వ కాలవ దగ్గర ఆగింది. అడుగు మారింది. మెల్లగా వెనక్కి తిరిగి, వాలుకి ఎదురు నడవడం మొదలుపెట్టింది. హనియా బోర్డు మీద నుంచి ఒక కాలు దించి, తోసుకుంటూ ఆమె పక్కనే పైకి వచ్చింది. పాటలో ఇసుక మాట వచ్చినప్పుడు ఆ పిల్ల నోరు తెరిచి ఏడ్చింది. చిన్నపిల్లలు ఏడ్చినట్టు, ఎవరు చూస్తున్నారన్న స్పృహ లేకుండా ఏడ్చింది. ఏడుస్తూనే బోర్డు దిగలేదు, దరువూ తప్పలేదు. చూస్తున్న ఆడవాళ్లలో సగంమంది కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ముక్కాలిపీట దాకా వచ్చి అవ్వ ఆగింది. ఎవరో బేసిన్ దించారు. ఇంకొకరు మొహం మీద నారింజపూల నీళ్లు చిలకరించారు. ఆమె కూర్చుని, ఒళ్లు సడలేసి, గట్టిగా ఊపిరి వదిలింది. అప్పుడు గానీ మెస్సావూద్ చెయ్యి ఎత్తలేదు.

కళ్లు తెరిచి తామో అవ్వ మొదట చూసింది మనవరాలిని. హనియా నేల మీద కూర్చుని ఎక్కిళ్లు పెడుతోంది.

"ఎన్నాళ్లుగా వింటున్నావే ఈ పాట?"

"వచ్చినప్పట్నించీ."

"ఇది ఏం పాటో తెలుసా నీకు?"

"నాన్న వల బాగుచేస్తూ పాడేవాడు కదా అవ్వా. మనింట్లో నువ్వు ఎవర్నీ పాడనివ్వవు. అందుకే ఇక్కడికొచ్చి అక్కని అడిగేదాన్ని."

చిడతలు చేతిలో పట్టుకునే యామ్నా ఆ పిల్లవైపు చూసింది. ఇన్నాళ్లూ చక్రాలకి సరిపోతుందని పిల్ల అడుగుతోందనుకుంది. దగ్గర కూర్చుని కూడా తెలుసుకోలేకపోయినందుకు సిగ్గేసింది, పిల్ల మీద ప్రేమ పొంగుకొచ్చింది. ముందుకెళ్లి అవ్వ పాదాల దగ్గర కూర్చుంది. తప్పు తనదేననీ, ఎవరున్నారో చూడకుండా వాయించాననీ ఒప్పుకుంది.

"తప్పు కాదూ మరి?" అంది తామో అవ్వ. నోరు అప్పటికే మామూలుగా పని చేస్తోంది. "ఒడ్డుకి చేర్చడం చేతకానిదానివి నీళ్లలోకి దింపడం దేనికే? అయినా నిన్ననుకుని ఏం లాభం." మెస్సావూద్‌వైపు తిరిగింది. "నిన్ను అనాలి, అన్నా. ఆ మిగతా సగం ఎవరికిద్దామని దాచుకున్నావు? నీతో పాటు సమాధిలో పెట్టించుకుంటావా? ఇంకోసారి నాకు కాలు లేస్తే, అప్పటికి నువ్వు లేకపోతే, నన్నెవరు బయటికి తెస్తారు?"

కొలుపులో లేచిన మనిషి చల్లబడేలోపు అడిగింది సామి అడిగినట్టే లెక్క. మెస్సావూద్‌ది మింగలేని, కక్కలేని పరిస్థితి. గింబ్రీ తోలు మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. తర్వాత దాన్ని ఎత్తి యామ్నా ఒళ్లో పెట్టాడు. ఆమె చేతిలో ఉన్న ఇనప చిడతలు తను తీసుకున్నాడు. చిడతలు పట్టేది శిష్యులు. మాలెమ్ అయిన రోజున పక్కన పెట్టిన వాటిని ఏ మాలెమూ మళ్లీ ముట్టుకోడు. ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"దీపం పెట్టిన దగ్గర్నించి ఎత్తుకో. తప్పితే నేను చెబుతాను" అన్నాడు.

యామ్నా ఎత్తుకుంది. కళ్లనీళ్లతో తీగలు సరిగ్గా కనిపించలేదు, రెండుచోట్ల తప్పింది. ఆయన చిడతలు ఆపకుండా కనుబొమ్మ ఎగరేసి చెప్పాడు. దిద్దుకుంది. తండ్రి దరువు తన వెనక నడవడం ఆమెకి అదే మొదటిసారి.

తామో అవ్వ లేచి ముక్కాలిపీట చంకన పెట్టుకుంది. హనియా బోర్డు చేత్తో పట్టుకుని పక్కన నడిచింది. అవ్వ మర్రాకెష్ మాట ఇంతవరకూ ఎత్తలేదు. పాటలో ఉన్నా యామ్నా చెవులు గేటు దగ్గరే ఉన్నాయి. గేటు దాకా వెళ్లాక హనియా ఆగి, తన బట్టలు ఎప్పుడు సర్దుకోవాలో మెల్లగా అడిగింది.

"సర్దేదేం లేదు" అంది తామో అవ్వ. "ఇంటికెళ్లి మీ అత్తకి ఫోను చెయ్యి. వచ్చే శుక్రవారానికి దాన్నే ఇక్కడికి రమ్మను. అన్న పోతే అది కూడా ఇంతవరకూ ఏడవలేదు."